రాహేలమ్మకు నేను చెప్పని మాట

గిలకలదిండి హార్బరులో ఐసు గడ్డను క్రషర్‌లోకి తోసినప్పుడు ఒక చప్పుడు వస్తుంది. ముందు గడ్డ ఇనప పళ్ళకు తగిలి ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత లోపల ఎముకలు విరుగుతున్నట్టు పటపటమని నలిగి, పొడి అయి, గొట్టంలోంచి పడవలోకి జారుతుంది. దగ్గర నిలబడితే మొహం మీద సన్నటి చల్లటి తుంపర పడుతుంది. పోయిన శనివారం ఉదయం పండుగప్ప చేప కొందామని వెళ్ళి, సంచి చేతిలో పట్టుకుని ఆ తుంపరలో అలాగే నిలబడిపోయాను. పడవలో ఐసు సర్దుతున్నతను రెండుసార్లు అరిచాడు. "ఇటు జరగండి లాయరుగారూ, తడిసిపోతన్నారు." మొదటిసారి నాకు వినపడలేదు. అంత చప్పుడులోనూ గొంతు పెంచకుండా మాట్లాడి, చెప్పదలచుకున్నది అవతలివాడికి చేర్చగలిగిన మనిషి ఒకరు అక్కడ పనిచేసేవారు. నేను ఆయన గొంతు వింటున్నాను.

ఆయన పేరు సుందరరావు గారు. సైన్యంలో వైర్‌లెస్ మీద పనిచేసిన హవల్దారు. శ్రీలంక వెళ్ళి వచ్చిన కొన్నేళ్ళకు రిటైరై, బందరు వచ్చి, ఈ హార్బరులో ఒక ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేరారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, గడియారం కుడిచేతికి, కళ్ళజోడు జేబులో. చూసినవాళ్ళు గుర్తుపెట్టుకోవడానికి అంతకంటే ఏమీ ఉండేది కాదు. ఆయన వెళ్ళిన యుద్ధం కూడా అలాంటిదే. పక్క దేశంలో రెండు జాతుల మధ్య జరుగుతున్న పోరు ఆపి శాంతి నిలబెట్టడానికని మన సైన్యం వెళ్ళింది. కొద్ది నెలలకే, ఎవరిని కాపాడడానికి వెళ్ళామనుకున్నారో వాళ్ళ తరఫున తుపాకీ పట్టినవాళ్ళతోనే పోరాడవలసి వచ్చింది. రెండేళ్ళు దాటాక, రమ్మన్న దేశమే వెళ్ళిపొమ్మంది. ఓడలు మద్రాసు రేవుకు చేరేసరికి స్వాగతం చెప్పవలసిన పెద్దల్లో కొందరు రాలేదు. ఆ తర్వాత ఆ యుద్ధం ఊసెత్తడమే అందరికీ ఇబ్బంది అయింది.

మాది గుడ్లవల్లేరు. నాన్న బస్సు కండక్టరు. లా చదవడానికి బందరు వచ్చినప్పుడు మా సంఘం పాస్టరుగారు ఉత్తరం రాసిస్తే సుందరరావు గారింటి మేడమీద గదిలో దిగాను. అప్పటికే ఆయన భార్య పోయి కొన్నేళ్ళయింది. పిల్లలు లేరు. మొదటిరోజు పెట్టె దించుతుంటే కిందనుంచి అడిగారు.

"ఏం చదువుతున్నావయ్యా?"

"లా అండీ."

"అయితే వాదించడం నేర్పుతారన్నమాట. వినడం కూడా నేర్పుతారా?"

నవ్వాను. నాకు ఇరవై మూడేళ్ళు. కాలేజీలో మైకు దొరికితే వదలనివాణ్ణి. వినడమంటే అవతలివాడు ఊపిరి పీల్చుకునేదాకా ఆగడమనుకునేవాణ్ణి.

ఆదివారం ఆరాధన అయ్యి భోజనాలయ్యాక ఆయన వరండాలో నాలుగు కుర్చీలు పడేవి. వీధి చివర రోల్డుగోల్డు నగలకు మెరుగుపెట్టే ఖాదర్ భాయ్ తప్పకుండా వచ్చేవారు. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక దారిలో మాట శ్రీలంక చేరేది. ఒకరోజు ఆయన టీ గ్లాసు కిందపెట్టి మొదలుపెట్టారు.

"నాకు తెలీక అడుగుతున్నా హవల్దారు గారూ, ఏం సాధించారండీ అక్కడికెళ్ళి? కాపాడదామని వెళ్తే వాళ్ళే మీ మీద కాల్చారు. పిలిచినోళ్ళే పొమ్మన్నారు. తిరిగొస్తే మనోళ్ళు మొహం చాటేశారు. మా రోల్డుగోల్డు నయం. ఆర్నెల్లన్నా మెరుస్తది."

నేను వెంటనే అందుకున్నాను. దేశభద్రత, హిందూ మహాసముద్రం, విదేశాల కుట్రలు. అప్పట్లో నేను యుద్ధం సరైనదే అనే పక్షం. రెండు నిమిషాలు మాట్లాడాక సుందరరావు గారు చెయ్యెత్తారు.

"ఆగు రత్నం. ఖాదర్ భాయ్ ఏమన్నాడో ముందు తిరిగి చెప్పు."

"యుద్ధం దండగ అంటున్నారండీ."

"ఆ మాటన్నావా భాయ్?"

"నేనెక్కడన్నా? ఏం సాధించారని అడిగా. అడగడం వేరు, అనడం వేరు గదా" అన్నారు ఖాదర్ భాయ్, దొరికావన్నట్టు నావైపు చూసి. "లాయరైతే మా కేసు ఇతనికివ్వకూడదండోయ్."

"విన్నావా?" అన్నారు సుందరరావు గారు. "వైర్‌లెస్‌లో మా పద్ధతి ఇదేనయ్యా. అవతలివాడు చెప్పింది చెప్పినట్టు వాడికే తిరిగి చెప్పాలి. అవును, అదే అని వాడనాలి. అన్నాకే మనం కదలాలి. మధ్యలో ఒక్కమాట మన సొంతం కలిపామా, ఎక్కడో ఎవడో పోతాడు."

ఆ తర్వాత రెండేళ్ళు ఆ వరండాలో నాకు జరిగిన చదువు అదే. అవతలివాడి వాదన వాడు తలూపేదాకా చెప్పకుండా నోరెత్తడానికి లేదు. మొదట్లో కోపం వచ్చేది, అవమానంగా ఉండేది. క్రమంగా ఒక సంగతి గమనించాను. ఎదుటివాడి మాట సరిగ్గా చెబితే వాడు మెత్తబడతాడు, సగం వాదన అక్కడే గెలవచ్చు. సుందరరావు గారు దాన్ని మనుషులను అర్థం చేసుకోవడానికి నేర్పారు. నేను గెలవడానికి నేర్చుకున్నాను. ఆ తేడా అప్పుడు నాకు కనపడలేదు. ఏలూరులో, విజయవాడలో కప్పులు గెలిచి తెచ్చి ఆయన టీవీ మీద పెట్టేవాణ్ణి. ఆయన వాటి మీద దుమ్ము తుడిచేవారు.

యుద్ధం గురించి మాత్రం ఆయన ఒక్క అభిప్రాయం చెప్పేవారు కాదు. మరీ గుచ్చి అడిగితే, "నేను వెళ్ళినవాణ్ణి. వెళ్ళమన్నవాళ్ళను అడగండి" అనేసి లోపలికి వెళ్ళిపోయేవారు.

ఏటా అక్టోబరులో ఒకరోజు ఆయన ఐసు ఫ్యాక్టరీకి సెలవుపెట్టి దివిసీమ వెళ్ళేవారు. హంసలదీవికి ఇవతల ఒక చిన్న పల్లె. అక్కడ రాహేలమ్మ గారని ఒకావిడ. ఆమె కొడుకు ప్రభుదాసు సుందరరావు గారితోపాటు శ్రీలంక వెళ్ళి తిరిగి రాలేదు. అతని పేరున ఏటా ఆ ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక జరిగేది. పాస్టరుగారి ప్రార్థన, ఒక కీర్తన, బైబిలు వాక్యం చదవడం, చనిపోయినవాణ్ణి ఎరిగిన మనిషి లేచి సాక్ష్యం చెప్పడం, చివర భోజనాలు. భోజనం చేయకుండా ఎవరూ వెళ్ళకూడదు. నా రెండో ఏడాదిలో, "నీ గొంతు బాగుంటుంది, వాక్యం చదువుదువుగాని రా" అని నన్నూ తీసుకెళ్ళారు.

పచ్చటి వరిచేల మధ్య రెండు గదుల డాబా. వాకిట్లో తాటాకు పందిరి, కింద పరిచిన పట్టాలు. రాహేలమ్మ గారికి అరవై దగ్గరుంటాయి. ఉప్పెనలో భర్తను, కూతురిని పోగొట్టుకున్న మనిషి. అప్పుడు తాడిచెట్టు పట్టుకుని బతికిన ఒక్కగానొక్క కొడుకే పెద్దవాడై సైన్యంలో చేరాడు. సుందరరావు గారు సాక్ష్యం చెప్పడానికి లేవగానే ఆమె గుమ్మంలో కూర్చుని చెంగు సర్దుకున్నారు. పాతికమంది ఉన్నారు. వాళ్ళంతా ఆ సాక్ష్యం ఏటా విన్నవాళ్ళే.

"ప్రభుదాసు ముందు నడుస్తున్నాడు. అక్కడా మనకులాగే తాడిచెట్లు, ఉప్పుగాలి. వాళ్ళు పొంచి ఉన్న సంగతి ముందు అతనే పసిగట్టాడు. మమ్మల్ని వెనకుండమని చెయ్యి ఊపాడు. ఒక్కటే తూటా. నేను వెళ్ళి తల ఒళ్ళో పెట్టుకునేసరికి ప్రాణం పోయింది. బాధ తెలీలేదు."

"కీర్తన పాడుతున్నాడని చెప్పావు గదా నాయనా పోయినేడు. అదేదీ?" అన్నారు రాహేలమ్మ గారు.

"చెబుతున్నానమ్మా. నడుస్తూ నోట్లో పాడుకుంటున్నాడు."

"ఏది?"

"నువ్వు నేర్పిందే."

ఆమె తలాడించి అందరివైపూ చూశారు. ఏడవలేదు. బిడ్డకు బడిలో బహుమతి వచ్చిందని విన్న తల్లిలా ఉంది ఆ మొహం.

భోజనాల దగ్గర ఆమె మరిది కొడుకు ఏసోబు చేపల పులుసు వడ్డిస్తూ అడిగాడు. "ఇంతకీ ఆ యుద్ధం మనం గెలిచినట్టా, ఓడినట్టా అన్నా? మా బడి మేష్టారు ఓడినట్టే అంటాడు."

సుందరరావు గారు జవాబు చెప్పేలోపే రాహేలమ్మ గారు అన్నారు. "ఉప్పెనప్పుడు నేనెవర్నీ ఏమీ అడగలేదురా. సముద్రాన్ని ఏమడుగుతాం? వీడు మనుషులు పంపిస్తే వెళ్ళి ప్రాణం వదిలాడు. దీనికి ఎవరన్నా ఒకరు జవాబు చెప్పాలి గదా. ఇదిగో, ఈ సుందరమొక్కడే ఏటేటా వచ్చి చెబుతున్నాడు."

"మీవాడి మూలాన మేం ఆరుగురం ఇళ్ళకొచ్చామమ్మా. గెలుపూ ఓటమీ నాకు తెలీదు. తెలిసింది అదే" అన్నారాయన, కంచంలోంచి తలెత్తకుండా.

తిరుగు ప్రయాణంలో బస్సు పులిగడ్డ అక్విడక్టు వంతెన దగ్గర చాలాసేపు ఆగింది. అవతలి నుంచి లారీలు వస్తున్నాయి. నేను ఆ సాక్ష్యాన్ని మెచ్చుకుంటున్నాను. అంత క్లుప్తంగా, అంత బాగా చెప్పారని. ఆయన కిటికీలోంచి నీళ్ళవైపు చూస్తూ, "అందులో తాడిచెట్లు నిజం" అన్నారు.

అర్థం కాలేదు.

"ఉప్పుగాలి కూడా నిజమే. మిగతాది నేను కట్టింది. ప్రభుదాసుని కాల్చింది వాళ్ళు కాదు, మనవాళ్ళే. వెనకనుంచి మన మోర్టార్ల గుళ్ళు. వాడూ ఇంకో ముగ్గురూ ముందుకు కదిలామని నాకు వైర్‌లెస్ సెట్టులో చెప్పారు. అది నేను వెనకున్న మోర్టార్లవాళ్ళకు పంపాలి. అప్పుడే ఆఫీసరు ఇంకో మెసేజి ఇచ్చాడు, ముందు అది పంపుతున్నాను. ప్రభుదాసు మాట తిరిగి చెప్పి, రాసుకుని, పంపాలి. రెండు నిమిషాల్లో పంపుదాంలే అనుకున్నాను. ఈలోపు పడ్డాయి."

లారీలు అయిపోయాయి. బస్సు కదిలింది. ఆయన గొంతు మారలేదు.

"వెంటనే పోలేదు. కడుపులో తగిలింది. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఉన్నాడు. నీళ్ళు నీళ్ళని అడిగాడు. కడుపు గాయానికి నీళ్ళివ్వకూడదన్నారు. ఇవ్వలేదు. గెలిచామా ఓడామా అని అందరూ నన్నడుగుతారు రత్నం. నేను పంపని మెసేజి గురించి అడిగేవాడు లేడు."

చాలా దూరం వెళ్ళాక అన్నారు. "ఇది ఎవరికీ చెప్పలేదు. ఆమె బతికుండగా నీ నోట్లోంచి రాకూడదు."

"రాదండీ" అన్నాను. ఆ క్షణాన నిజంగానే అన్నాను.

మరుసటి ఏడాది, కూడికకు నెలరోజుల ముందు, గుడివాడలో ఒక కాలేజీ వార్షికోత్సవాల్లో అంతర్ కళాశాల వక్తృత్వ పోటీ పెట్టారు. విషయం: శ్రీలంకకు సైన్యాన్ని పంపడం వల్ల దేశానికి మేలు జరిగింది. చీటీలో నాకు కాదనే పక్షం వచ్చింది. బాగానే మాట్లాడాను. నా తర్వాత ఏలూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచింది. పెద్దగా అంకెలూ లేవు, హావభావాలూ లేవు. చివరలో నావైపు తిరిగి నెమ్మదిగా అంది.

"వాళ్ళు వృథాగా చనిపోయారని ఇక్కడ మైకులో చెప్పడం తేలికండీ. అదే మాట చనిపోయినవారి ఇంటి తలుపు తట్టి, తల్లి ఎదురుగా నిలబడి చెప్పగలరా?"

హాలంతా చప్పట్లు. న్యాయనిర్ణేతలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు మూడు నిమిషాల జవాబు మిగిలింది. ఓడిపోతున్నానని తెలిసింది. ఆమె మాటను తిరిగి చెప్పి మొదలుపెట్టడం నాకు అలవాటు. ఆరోజు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆమె మాట నాకు సరిగ్గా వినపడేది, అక్కడే ఆగిపోయేవాణ్ణేమో.

"ఆ తలుపు తట్టిన ఒక సైనికుడు నాకు తెలుసు" అన్నాను. "ఏటా తడతాడు. దివిసీమలో ఒక తల్లి. ఏటా ఆమెకు ఒక అబద్ధం చెప్పి వస్తాడు. ఎందుకంటే నిజం చెప్పడానికి వీలుకాని యుద్ధం అది." మనవాళ్ళ మోర్టార్లూ, కడుపు గాయమూ, నీళ్ళూ, అన్నీ చెప్పాను. గొంతు ఎక్కడ తగ్గించాలో అక్కడ తగ్గించాను. పేరు మాత్రం చెప్పలేదు. హాల్లో ఫ్యాన్ల చప్పుడు వినపడింది. ముందు వరుసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. కప్పు నాకిచ్చారు. ఆ అమ్మాయి వచ్చి చెయ్యి కలిపి, "ఆ తల్లికి ఇది తెలియదు కదండీ?" అని అడిగింది. తెలియదన్నాను. ఆమె వెళ్ళిపోయింది.

రెండురోజులకు ఒక పత్రిక జిల్లా పేజీలో అది వచ్చింది. పోటీ ఫలితాలు కాలేజీల పేర్లతో నాలుగు వాక్యాలు, నా పేరు కూడా లేదు; మిగతాదంతా నేను చెప్పిన కథ. ప్రభుదాసు పేరూ లేదు కదా అనుకున్నాను. ఆ పల్లెల నుంచి ఆ యుద్ధానికి వెళ్ళి రానివాడు ప్రభుదాసు ఒక్కడేనని దివిసీమలో టీకొట్టు దగ్గర పేపరు చదివే ప్రతివాడికీ తెలుసు. లా చదువుతున్న నాకు అది తట్టలేదు.

ఆ సాయంత్రం సుందరరావు గారు మేడమీదకు వచ్చారు. రెండేళ్ళలో ఆయన నా గదిలోకి రావడం అదే మొదలు. పేపరు మడిచి చంకలో ఉంది. మంచం అంచున కూర్చున్నారు.

"నీ వైపు నేను చెబుతాను. తప్పుంటే ఆపు" అన్నారు. "ఓడిపోతానేమోనని భయం వేసింది. ఆ యుద్ధం తప్పని జనానికి తెలియాలి, అది మంచిపనే గదా అనుకున్నావు. పేరు చెప్పలేదు కాబట్టి మాట తప్పలేదనుకున్నావు. ముసలావిడ పేపరు చదవదులే అనుకున్నావు. హాలు నిశ్శబ్దం అయినప్పుడు బాగుంది. సరిగ్గా చెప్పానా?"

"సరిగ్గానే చెప్పారండీ."

"ఇప్పుడు నా వైపు నువ్వు చెప్పు."

"మీరు నన్ను నమ్మారు. నేను మాట తప్పాను."

"అది మళ్ళీ నీ వైపే. నాది చెప్పు."

నోరు తెరిచాను. మళ్ళీ 'నేను' అనే మొదలయింది.

"పోనీ, రాహేలమ్మది?"

తలవంచుకున్నాను. ఆయన లేచారు. తిడతారేమో, గది ఖాళీ చేయమంటారేమో అనుకున్నాను. "వచ్చేనెల కూడిక ఉంది. నువ్వు రావాలి. వాక్యం చదవాలి గదా" అని దిగి వెళ్ళిపోయారు.

ఆ ఏడాది పందిరి కింద పాతికమంది కాదు, ఊరంతా ఉంది. ప్రార్థన అయింది. కీర్తన ఎవరూ గొంతెత్తి పాడలేదు. నేను వాక్యం చదివాను. సుందరరావు గారు సాక్ష్యానికి లేవగానే రాహేలమ్మ గారు గుమ్మంలోనుంచి అన్నారు.

"ఈసారి జరిగింది చెప్పు నాయనా."

ఆయన జరిగింది చెప్పారు. బస్సులో నాకు చెప్పిన మాటలే, ఆ వరుసలోనే. మెసేజి తాను పంపవలసి ఉందని, పంపలేదని కూడా. అది పేపర్లో లేదు. నేను గుడివాడలో ఆ ముక్క వదిలేశాను, నా వాదనకు అది పనికిరాదని. ఆయన దాన్ని అందరి ముందూ తన మీద వేసుకున్నారు.

"నీళ్ళడిగాడంట గదా. ఇచ్చారా?"

"ఇవ్వలేదమ్మా. కడుపులో గాయం. ఇస్తే పోతాడన్నారు."

"ఇవ్వకపోయినా పోయాడు గదా."

ఆయన నిలబడే ఉన్నారు.

"ఈ సంగతి ఊళ్ళోవాళ్ళ ద్వారా నాకెట్టా వచ్చింది? ఎవరితో అన్నావు?"

నేను ఆయన పక్కనే కూర్చుని ఉన్నాను. చదివిన పుస్తకం ఇంకా ఒళ్ళో తెరిచే ఉంది. ఆయన నావైపు చూడలేదు.

"నేనే అన్నానమ్మా, బస్సులో. నోరు జారాను."

అది అబద్ధం కాదు. ఆయన నాకు చెప్పారు. నేను లేచి, నేనేనమ్మా అని రెండు మాటలంటే సరిపోయేది. మూడు నిమిషాల్లో హాలుని ఏడిపించినవాణ్ణి. పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాను.

"ఇన్నేళ్ళూ వచ్చి నా అన్నం తిన్నావు సుందరం" అన్నారామె. అరవలేదు. లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. పాస్టరుగారు ముగింపు ప్రార్థన చేసేశారు. పెరట్లో పొయ్యి మీద పులుసు ఉడుకుతోంది, వాసన వస్తోంది. వడ్డించడానికి ఎవరూ లేవలేదు. ఏసోబు మావైపు చూడకుండా పట్టాలు మడవడం మొదలుపెట్టాడు. మేమిద్దరం బస్సు దారి పట్టాం. ఆయన దారిలో నాతో మాట్లాడింది ఒక్కసారే. "అవనిగడ్డలో ఏమన్నా తింటావా?" అని.

తర్వాతి వేసవికి నా చదువు అయిపోయింది. కోర్టుకు దగ్గరగా వేరే గది తీసుకున్నాను. ఆ కూడిక మళ్ళీ జరగలేదు. అక్టోబరు వచ్చినా సుందరరావు గారు సెలవు పెట్టకుండా ఫ్యాక్టరీకి వెళ్ళేవారు. నేను ప్రాక్టీసు పెట్టిన రెండో ఏడు ఏసోబు కోర్టుకు వెతుక్కుంటూ వచ్చాడు. "పెద్దమ్మకు కళ్ళు సరిగా ఆనటం లేదండీ. వాక్యం చదివిన అబ్బాయిని ఒక్కసారి పిలవమంటంది."

ఈసారి చెప్పేద్దామని వెళ్ళాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. రాహేలమ్మ గారు బాగా తగ్గిపోయారు. చదవమన్న చోటల్లా చదివాను. కళ్ళు మూసుకుని విన్నారు. తర్వాత అన్నారు.

"ఆ సుందరం ఇంకా ఉన్నాడా? ఇంకెంతమంది దగ్గర నా బిడ్డ సంగతి చెప్పుకున్నాడో. నువ్వు చిన్నవాడివైనా మంచివాడివి బాబూ. నీకా రోజు అన్నం పెట్టకుండా పంపాను. అది మనసులో ఉండిపోయింది. కూర్చో."

కంచం పెట్టారు. తడుముకుంటూ వడ్డించారు. నేను కూర్చుకున్న మాటలన్నీ గొంతులో ఉన్నాయి. వాటిమీదుగా అన్నం తిన్నాను. మారు వడ్డిస్తే వద్దనలేదు.

తిరిగొచ్చి సుందరరావు గారి దగ్గరకు వెళ్ళాను. వరండాలో ఒక్కరే ఉన్నారు. రాహేలమ్మ గారిని చూసి వచ్చానన్నాను.

"ఎలా ఉంది?"

"బాగానే ఉన్నారండీ. చూపు తగ్గింది."

"నా మాటేమన్నా వచ్చిందా?"

"రాలేదండీ."

ఆయన నా మొహం చూశారు. చూసి, నేను చెప్పింది ఏదో, చెప్పనిది ఏదో మొత్తం గ్రహించినట్టు చూపు తిప్పుకున్నారు. వీధివైపు చూస్తూ అడిగారు.

"భోంచేశావా అక్కడ?"

"చేశానండీ."

"ఏం కూర?"

"చేపల పులుసండీ."

"చింతకాయ వేస్తుంది ఆమె. వేసిందా?"

"వేశారండీ."

తల ఊపారు. అంతకుమించి ఆ సంగతి మా మధ్య ఎప్పుడూ రాలేదు.

రాహేలమ్మ గారు పోయేముందు సుందరరావు గారికి కబురు చేయవద్దన్నారు. నాకు చేశారు. ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆయనా పోయారు. సమాధి కూడికలో సాక్ష్యం చెప్పమని సంఘపెద్దలు నన్నే అడిగారు. పది నిమిషాలు మాట్లాడాను. ఐసు ఫ్యాక్టరీ గురించి, వరండా గురించి, వినడం నేర్పిన మనిషి గురించి. జనం కళ్ళు తుడుచుకున్నారు. ముసలివారైపోయిన ఖాదర్ భాయ్ నా చెయ్యి పట్టుకుని, "ఆయన గురించి నీలాగ ఇంకెవరూ చెప్పలేరయ్యా" అన్నారు. దివిసీమ నుంచి ఏసోబు వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. అతణ్ణి చూశాను. చూసి, దివిసీమ ప్రస్తావన లేకుండా ముగించాను. నేను బాగా మాట్లాడాను. అది నాకు చేతనైన పని.

ఇప్పుడు టీవీల్లో ఆ యుద్ధం గురించి చర్చలు పెడతారు. గెలిచామని ఒకరు, ఓడామని ఒకరు, వెళ్ళకుండా ఉండవలసిందని ఒకరు. ఇంట్లోవాళ్ళు నా అభిప్రాయం అడుగుతారు. ఏ పక్షానైనా గంటసేపు మాట్లాడగలను. లేచి వేరే గదిలోకి వెళ్తాను. ఆ యుద్ధంలో జరిగిన తప్పుకు జవాబు చెప్పడానికి ఏటా ఒక మనిషి సెలవుపెట్టి బస్సెక్కేవాడు. అతను చెప్పింది కట్టుకథే. కానీ వెళ్ళేవాడు, ఆమె కళ్ళెదుట కూర్చునేవాడు, ఆమె పెట్టింది తినేవాడు. ఆ ఒక్క మధ్యాహ్నం తప్ప ఆయనకు వేరే ఊరట ఉన్నట్టు నాకు తెలియదు. దాన్ని పోగొట్టింది యుద్ధం కాదు, నేను.

ఇదంతా ఒప్పుకోలని ఎవరైనా అనుకుంటే అది నాకు ఎక్కువ గౌరవం. వినవలసిన ఇద్దరూ పోయాక రాస్తున్నాను. ఆ పందిరి కింద నోరు మెదపని రోజు తర్వాత రాహేలమ్మ గారు పన్నెండేళ్ళు బతికారు. బందరు నుంచి ఆ పల్లెకు మూడు గంటల ప్రయాణం. బస్సులు రోజూ ఉండేవి.